ఆకివీడు: కొల్లేటి అంచున తిండి కోసం వెళ్ళవలసిన ఊరు

ఆకివీడు కొల్లేటి ఒడ్డు ఊరని విని, రైలు దిగగానే ఎదురుగా నీళ్ళు కనిపిస్తాయనుకొని వచ్చేవారికి ముందే ఒక మాట చెప్పడం మంచిది. బజారులో ఎక్కడ నిలబడి చూసినా కొల్లేరు కనిపించదు. కనిపించేవి చేపల చెరువులు, వాటి గట్ల మీద కొబ్బరి చెట్లు, మేత బస్తాలు దించుతున్న లారీలు, ఐసు ఫ్యాక్టరీలు. ఒడ్డున బల్లలు వేసి, నీళ్ళను చూపిస్తూ వడ్డించే హోటలు కోసం వెదికితే నిరాశే మిగులుతుంది. అయినా పశ్చిమ గోదావరిలో ఒక రోజంతా తింటూ తిరుగుతూ గడపడానికి ఏ ఊరు మేలని ఎవరైనా అడిగితే, భీమవరాన్నీ నరసాపురాన్నీ పక్కనబెట్టి నేను ఈ ఊరి పేరే చెబుతాను. ఇక్కడి హోటళ్ళు చూడవచ్చిన వారి కోసం వండవు. తెల్లవారుజాము నుంచి చేపల పనిలో నిలబడే మనుషుల కోసం వండుతాయి, ఆ మనుషులకు పాసిన చేప పెట్టి వ్యాపారం చేయడం ఎవరి వల్లా కాదు.

ఊరి తీరు అర్థం కావాలంటే కొల్లేరు తీరు కొంత తెలియాలి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులూ డ్రెయిన్లూ వచ్చి పడతాయి. ఇన్ని దారుల్లో వచ్చిన నీరు సముద్రానికి చేరడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి బంగాళాఖాతంలో కలిసే ఆ ఏరు ఆకివీడు పక్క నుంచే పోతుంది. దానికి అవతలి గట్టు కైకలూరు వైపు, అంటే ఇప్పటి ఏలూరు జిల్లా. వానలు బాగా పడిన ఏడు కొల్లేరు ఎంతో దూరం పరుచుకుంటుంది, ఎండాకాలంలో కుంచించుకుపోయి చాలాచోట్ల బురదనేలగా మిగులుతుంది. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. అయిదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తును సూచించే హద్దు గీత, దాని లోపల తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం కొట్టివేయించింది. అది జరిగి ఇన్నేళ్ళయినా, కాంటూరు హద్దు గురించిన వాదన ఏ టీ కొట్టు దగ్గరైనా అయిదు నిమిషాల్లో మొదలవుతుంది. కొత్తవారు ఆ వాదనలో తలదూర్చకుండా టీ తాగి లేవడం క్షేమం.

వెళ్ళే కాలాన్ని కూడా చేపల వ్యాపారమే నిర్ణయిస్తుంది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అన్ని విధాలా అనుకూలం: సరస్సులో నీరు ఉంటుంది, పక్షులు ఉంటాయి, గాలి చల్లగా ఉంటుంది. అయితే కార్తీకమాసం వెళ్ళేదాకా ఆగడం తెలివైన పని. ఆ నెల రోజులూ చాలా ఇళ్ళలో నీచు ముట్టరు కనుక భోజన హోటళ్ళలో చేపల రకాలు తగ్గిపోతాయి, వండినవాటిలో కూడా రోజూ ఉండే చురుకు ఉండదు. సంక్రాంతి మూడు రోజుల్లో డెల్టాలోని మిగతా ఊళ్ళలాగే ఈ ఊరు కూడా బంధువులతో నిండిపోతుంది. ఆ రోజుల్లో హోటల్లో చోటు దొరకడమే గగనం, దొరికినా వడ్డించేవాడి మొహంలో ఓపిక ఉండదు. మే నెలలో రావడం వల్ల ముంజలు తినడం తప్ప మరో ప్రయోజనం నాకు కనిపించలేదు, ముంజలు డెల్టాలో ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి.

ఏ కాలంలో వచ్చినా పొద్దున్నే రావాలి. చెరువుల్లో పట్టుబడి చీకటితోనే మొదలవుతుంది, ఎండెక్కేలోపు చేప ఐసులోకి వెళ్ళిపోవాలి కనుక ఊరి సందడి అంతా ఉదయం పూటే ఉంటుంది. భీమవరం నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని బస్సులోనో, గుడివాడ వైపు వెళ్ళే రైల్లోనో దాటి, ఏడు గంటలకల్లా బజారులో ఉండగలిగితే మొదట టిఫిను చేయడం, ఆ తరువాత చేపల మార్కెట్టు చూడడం మంచి క్రమం. ఈ క్రమం తిరగేస్తే చేతులకు అంటిన వాసనతో అట్టు తినవలసి వస్తుంది.

టిఫిను విషయంలో నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది మినపరొట్టె. దీనినే దిబ్బరొట్టె అని కూడా అంటారు. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి, సన్నని సెగ మీద మూతపెట్టి చాలాసేపు కాల్చే ఈ రొట్టెకు అడుగు భాగం ఎర్రగా కరకరలాడాలి, లోపల దూదిలా మెత్తగా ఉండి ఎక్కడా పచ్చి వాసన రాకూడదు. సెగ కాస్త పెంచితే పైన మాడి లోపల ముద్దగా మిగిలిపోతుంది కనుక తొందరపడేవాడు ఈ వంట చేయలేడు, గిరాకీ ఎక్కువై తొందరపడక తప్పని పెద్ద హోటళ్ళలో ఇది సాధారణంగా చెడిపోయేదీ అందుకే. ఆకివీడులో దీనిని బాగా చేసేవి పేరు బోర్డు కూడా సరిగా లేని చిన్న కొట్లు. అలాంటి కొట్లో రెండు మూడు మూకుళ్ళు వరుసగా పొయ్యిల మీద ఉంటాయి, ఒక రొట్టె దిగడానికి పావుగంట పైగానే పడుతుంది, ఆ పావుగంటా జనం విసుక్కోకుండా నిలబడతారు. చెరకు పానకంతో తినడం ఈ ప్రాంతపు పద్ధతి. పానకం అన్ని కొట్లలోనూ ఉండదు, ఉన్నచోట పల్చగా చేసి పోస్తే ఒక చుక్క వేసుకొని చూసి, నచ్చకపోతే అల్లం పచ్చడికి మారిపోవచ్చు.

పెసరట్టు ఇక్కడ మధ్యస్థం. ఉప్మా వేసి మడిచి ఇచ్చే పెసరట్టుకు గోదావరి జిల్లాలంతటా ఒక స్థాయి ఉంది, ఆకివీడు ఆ స్థాయిని అందుకుంటుందే గాని దాటదు. ఇడ్లీ గురించి చెప్పుకోదగింది లేదు. పూరీ కూర జోలికి పోనక్కరలేదు. కాఫీ కంటే టీ నయం.

చేపల మార్కెట్టును చూడదగిన ప్రదేశంగా ఎవరూ చెప్పరు, కాని ఊళ్ళో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే చోటు అదే. చూడడానికి వచ్చినవారు మొదట గుర్తుపెట్టుకోవలసిన తేడా ఒకటుంది. కంటికి ఎక్కువగా కనిపించే పెద్ద పెద్ద వెండి రంగు చేపలు చెరువుల్లో మేత వేసి పెంచినవి: శీలావతి, బొచ్చె, మోసు. వీటిలో ఊరి జనం తినేది కొంతే. ఎక్కువ భాగం ట్రేలలో ఐసు వేసుకొని లారీల మీద కలకత్తాకు, ఇంకా ఈశాన్య రాష్ట్రాలకు ప్రయాణం కడుతుంది. ఇంకొక పక్క, సాధారణంగా ఆడవాళ్ళు తక్కువ ఎత్తు పీటల మీద కూర్చొని, నీళ్ళ తొట్లలో కదులుతుండగా అమ్మేవి నల్లజాతి చేపలు: కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, జెల్లలు. కొల్లేటి రుచి అని పెద్దవాళ్ళు చెప్పుకొనేది వీటి గురించే. కొర్రమీనూ మార్పూ నీటిలోని గాలితో పాటు బయటి గాలిని కూడా పీల్చుకోగలవు కనుక తడి ఉంటే గంటల తరబడి బతికే ఉంటాయి. వాటిని చచ్చిన తరువాత కొనేవాడిని ఈ బజారులో ఎవరూ లెక్కచేయరు.

వెండి చేపను ఎంచడానికి మాత్రం కాస్త చూపు కావాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా తడిగా ఉండాలి, కన్ను లోపలికి పోకుండా మెరుస్తుండాలి, పొట్ట మీద వేలితో నొక్కితే గుంట పడకుండా కండ తిరిగి లేవాలి. అమ్మేవారు ఈ పరీక్షలకు ఏమీ అనుకోరు. పైగా, ‘చూసుకోండి బాబూ, మీ చేత్తోనే చూసుకోండి’ అని మొప్ప ఎత్తి చూపిస్తారు. మొప్ప ఎత్తనివ్వని చోట కొనకూడదని వేరే చెప్పనక్కరలేదు. రొయ్యల దగ్గర కౌంటు లెక్క నడుస్తుంది: కిలోకు ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు, అంటే అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది. ఇప్పుడు బజారులో కనిపించేది చాలావరకు చెరువుల్లో పెంచే వనామీ. నీలకంఠ రొయ్య ఎప్పుడైనా తట్టలో కనిపిస్తే దాని పొడవాటి నీలి కాళ్ళను బట్టి వెంటనే గుర్తుపట్టవచ్చు, ధర విన్న తరువాత కొనాలా వద్దా అని ఆలోచించుకోవచ్చు.

మధ్యాహ్న భోజనం దగ్గరకు వస్తాను. ఆకివీడు ప్రయాణానికి అసలు కారణం ఇదే. ఈ ఊళ్ళో భోజన హోటళ్ళు రెండు తెగలు. రహదారి మీద రంగు దీపాలతో, ఏసీ గదితో, లావుపాటి మెనూ పుస్తకంతో ఉండేవి ఒక తెగ. బజారు లోపలి సందుల్లో, ముందు గది భోజనశాల, వెనక గది వంటిల్లు అన్నట్టు నడిచే మెస్సులు రెండో తెగ. మొదటి తెగ హోటల్లో ఒకచోట కొల్లేటి కొర్రమీను అని చెప్పి, నూనెలో మసాలా ముద్ద తేలుతున్న కూరలో ఎముకల శీలావతి ముక్కలు పెట్టారు. కొర్రమీనుకు నడుమ వెన్నెముక తప్ప కండలో చిన్న ముళ్ళు దాదాపు ఉండవు, శీలావతి కండ నిండా రెండు కొసల సన్నపు ముళ్ళు ఉంటాయి, కాబట్టి నోటికి తెలిసిపోతుంది. అడిగితే ఇచ్చిన జవాబు కూర కంటే అధ్వానంగా ఉంది. ఆ తరువాత నేను మెనూ పుస్తకం ఉన్నచోట చేప తినడం మానుకున్నాను. అక్కడ బిర్యానీ తినవచ్చు.

మెస్సుల్లో పద్ధతి వేరు. ఈరోజు ఏముందని అడిగితే ఉన్నదే చెబుతారు, లేనిది లేదంటారు. కొర్రమీను పులుసు గురించి అడిగితే, ‘ఆయ్, ఇది చెరువులో పెంచిందేనండి, కొల్లేటిది కావాలంటే పొద్దున్నే చెప్పాలండి, దొరికితే తెప్పిస్తాం’ అని ఒకాయన అన్న మాట నాకు ఈ ఊరి మీద గురి కుదిర్చింది. నిజానికి కొర్రమీనును కూడా ఇప్పుడు చెరువుల్లోనూ తొట్లలోనూ పెంచుతున్నారు, అది రుచిలో మరీ తీసిపోదు. సరస్సులో స్వేచ్ఛగా తిరిగినదాని కండ కాస్త గట్టిగా, పులుసులో ఉడికినా పొర పొరగా విడేలా ఉంటుంది. పెంచినదాని కండ మెత్తన, కొవ్వు ఎక్కువ. ఈ తేడా కోసం ధర ఎంత దాకా పెట్టవచ్చో ఎవరికి వారు తేల్చుకోవాలి. నా మట్టుకు సరస్సు చేప దొరికిన రోజు పులుసు తింటాను, దొరకని రోజు రొయ్యల వైపు వెళతాను.

పులుసు గురించి ఇంకొంచెం చెప్పాలి. కొర్రమీను ఒంటి మీద జిగురు చాలా ఎక్కువ. బూడిదో, రాళ్ళ ఉప్పో వేసి గరుకు బండ మీద బాగా రుద్ది, నీరు తేటగా వచ్చేదాకా కడగకపోతే పులుసుకు బురద వాసన పడుతుంది, దానిని ఏ మసాలా కప్పలేదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నూనెలో మగ్గనిచ్చి, కారం, ధనియాల పొడి వేసి, చింతపండు రసం పోసి మరిగిన తరువాత ముక్కలు వేస్తారు. ఆ పైన గరిటె పెట్టకూడదు. దాకను రెండు చెవులూ పట్టుకొని గుండ్రంగా కదుపుతారు, గరిటె తగిలితే ముక్క విరుగుతుంది. దించే ముందు వేసే మెంతిపొడి చిటికెడు మించితే చేదు. మంచి మెస్సుల్లో ఈ పులుసును ఉదయం పదింటికే దించి పక్కన పెడతారు, పన్నెండున్నరకు వడ్డించేసరికి పులుపు ముక్కలోకి దిగి ఉంటుంది. మరుగుతున్న పులుసు అప్పటికప్పుడు తెచ్చి పోస్తే గొప్ప అనుకొనేవారు ఉంటారు గాని, చేప పులుసు విషయంలో ఆ గొప్ప పనికిరాదు. వేడి వేడి అన్నం మీద గోరువెచ్చని పులుసే సరైన జోడీ.

బొమ్మిడాయి పులుసు దీనికి పూర్తిగా భిన్నం. పాములా సన్నగా పొడుగ్గా ఉండే ఈ చేపను చూసి వెనకడుగు వేసేవారు చాలామంది. ఉల్లిపాయను ముద్ద నూరి వేసి, పులుసును చిక్కబరచి, నూనె పైకి తేలేదాకా ఉంచుతారు. వండటం తెలిసినవారి చేతిలో ఇది కొర్రమీనును మించిపోతుందని నా అభిప్రాయం, అయితే అన్ని రోజుల్లోనూ దొరకదు. బొచ్చె తలకాయ పులుసుకు ఇక్కడ ప్రత్యేకంగా అభిమానులు ఉన్నారు. దానిని తినడానికి ఓపిక, సమయం, ఎదురుగా కొత్తవారు లేకపోవడం అవసరం.

రొయ్యల్లో ఇగురు ఎల్లప్పుడూ ఉంటుంది, కాని ఋతువును బట్టి అడగడం తెలిసినవారికి మేలైనవి దొరుకుతాయి. చింతచిగురు వచ్చే రోజుల్లో చింతచిగురు రొయ్యలు, మామిడికాయ రోజుల్లో మామిడికాయ వేసిన మెత్తళ్ళు అనే చిన్న చేపలు, మిగతా కాలమంతా గోంగూర రొయ్యలు. వంకాయలో ఎండు రొయ్యలు వేసి చేసిన కూర మెనూలో ఉండదు, వడ్డించేవారు తినే పళ్ళెంలో ఉంటుంది, అడిగితే సిగ్గుపడుతూ కొంచెం తెచ్చి వేస్తారు. ఆ కొంచెమే ఒక్కోరోజు భోజనమంతటికీ మించినదవుతుంది. చిన్న చేపల వేపుడు మాత్రం చాలా మెస్సుల్లో నిరాశపరుస్తుంది: ముందుగానే వేయించి పెట్టి, వడ్డించేటప్పుడు మళ్ళీ నూనెలో ముంచడం వల్ల కండ ఎండిపోయి పొట్టు మాత్రం నూనె పీలుస్తుంది. అప్పుడే వేయించి ఇమ్మని, పది నిమిషాలు ఆగుతామని చెప్పడం మంచిది.

భోజనంలో చేప కాక ఉండేవి పప్పు, ఒక కూర, చారు, పెరుగు. చారును తక్కువగా చూడకూడదు. ఇంత పులుపు, కారం తిన్న తరువాత మిరియాల ఘాటుతో పల్చగా ఉండే చారు కడుపును సర్దుతుంది, అరటాకు మీద దానిని ఆపడమే కష్టం. గడ్డ పెరుగు చాలా చోట్ల బాగుంటుంది. మెస్సుల లోపాలు కూడా చెప్పాలి: చేతులు కడుక్కొనే చోటు ఇరుకు, నేల ఎప్పుడూ తడి, ఒంటిగంట దాటితే కూర్చొన్నవారి వెనకే మరొకరు నిలబడి ఎప్పుడు లేస్తారా అని చూస్తుంటారు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవారు పన్నెండుకే కూర్చోవడం మేలు. కొర్రమీను ధర ఆనాటి మార్కెట్టును బట్టి మారుతుంది కనుక ముక్క ఎంతో వడ్డించకముందే అడగాలి, అడగడం ఇక్కడ మర్యాద తక్కువ పనేమీ కాదు.

పక్షి మాంసం ఉందని ఎవరైనా గొంతు తగ్గించి చెబితే తలకూడా తిప్పకూడదు. కొల్లేటి పిట్టల వేట ఒకప్పుడు ఇక్కడ మామూలు సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, అమ్మేవాడితో పాటు కొనేవాడు కూడా చిక్కుల్లో పడతాడు.

దుకాణాల విషయంలో ఆశలు మితంగా ఉంచుకోవాలి. బట్టల కొట్లు, సెల్‌ఫోను కొట్లు, బంగారం కొట్లు అన్ని డెల్టా ఊళ్ళలో ఉన్నట్టే ఉన్నాయి. ప్రత్యేకంగా చూడదగినవి వలల కొట్లు. కన్ను పరిమాణాన్ని బట్టి చుట్టలు చుట్టలుగా వేలాడే వలలు, తాళ్ళు, తేలుబెండ్లు, సీసపు గుండ్లు, చెరువులో నీటిని చిలికే ఏరేటర్ల రెక్కలు, సున్నం బస్తాలు; కొనవలసిన పని లేకపోయినా ఒక అరగంట నిలబడి, ఏది ఎందుకో అడిగి తెలుసుకోవచ్చు. గిరాకీ లేని మధ్యాహ్నం వేళ కొట్టు యజమానులు విసుక్కోకుండా చెబుతారు. ఊరికి తీసుకుపోవడానికి ఎండు రొయ్యలు మంచి ఎంపిక. ఒకటి నోట్లో వేసుకొని చూస్తే ఉప్పు కంటే రొయ్య తీపి ముందు తెలియాలి, పట్టుకుంటే చేతికి తేమ అంటకూడదు. రొయ్యల పచ్చడి కొనేవారు సీసాలో నూనె పైకి తేలి ఉందా, ఎప్పుడు పెట్టిందో చీటీ మీద ఉందా అన్నవి చూసుకోవాలి. తేదీ లేని సీసా ఎంత ఎర్రగా మెరుస్తున్నా వద్దు.

మిఠాయి కొట్లలో అమ్మే పూతరేకులు ఈ ఊరివి కావు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు గోదావరి అవతల తయారై ఇక్కడికి వస్తాయి, దారిలో మెత్తబడిన రేకు మళ్ళీ పెళుసుబారదు. డ్రైఫ్రూట్లు దట్టించినవాటి కంటే బెల్లం, నెయ్యి మాత్రమే వేసినవి నయం, అయినా ఆత్రేయపురం దాకా వెళ్ళగలిగినవారు అక్కడే కొనడం న్యాయం. కాజా కూడా తాపేశ్వరం పేరుతో అమ్ముతారు, ఆ పేరుకు ఇక్కడి సరుకు ఎప్పుడూ న్యాయం చేయదు. ఆకివీడులో తీపి తినాలనిపిస్తే వేడి మీద దించే బెల్లం పాకుండలే వెదకాలి.

భోజనం తరువాతి మూడు నాలుగు గంటలను గడపడానికి రెండు దారులున్నాయి. ఒకటి కైకలూరు పక్కనున్న ఆటపాక పక్షుల కేంద్రం. ఉప్పుటేటి వంతెన దాటి రహదారి మీదుగా వెళితే అరగంటలోపే చేరవచ్చు. అటవీ శాఖ నడిపే ఈ చోట టిక్కెట్టు తీసుకొని, నీటి మధ్య ఇనుప స్టాండ్ల మీద, ఎండిన చెట్ల మీద గూళ్ళు కట్టుకొన్న గూడబాతులను చూడవచ్చు. పెలికాన్ అంటేనే చాలామందికి తెలుస్తుంది. సంచిలా వేలాడే ముక్కు కింది తోలులోకి పిల్ల తల దూర్చి మేత తినే దృశ్యం శీతాకాలంలో ఎన్నిసార్లయినా కనిపిస్తుంది. తోక మీదికి వాలే గులాబీ రంగు రెక్క ఈకల పెయింటెడ్ స్టార్కు కొంగలు కూడా ఉంటాయి. పడవ ఎక్కే వీలున్న రోజు తప్పక ఎక్కాలి, ఎందుకంటే ఒడ్డు నుంచి చూస్తే పక్షులు తెల్లని చుక్కలే. నడిఎండలో పక్షులు కదలవు, కాబట్టి మూడున్నర తరువాత వెళ్ళడం మంచిది. బైనాక్యులర్లు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. పడవలో గట్టిగా పాటలు పెట్టేవారి పక్కన కూర్చోవలసి వస్తే మాత్రం ఆ టిక్కెట్టు డబ్బులు దండగే. సిబ్బంది ఈ విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండాలని నా కోరిక.

రెండో దారి కొల్లేటికోట. సరస్సు మధ్య లంకలో వెలసిన పెద్దింట్లమ్మ గుడి ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెద్ద దిక్కు, ఫాల్గుణ మాసంలో జరిగే జాతరకు జనం విరగబడతారు. కొల్లేరును కొల్లేరుగా చూడాలంటే ఆటపాక కంటే ఈ దారే నాకు ఎక్కువ నచ్చింది: గుర్రపుడెక్క పరుచుకొన్న మడుగులు, చేపలు పట్టే వెదురు మావులు వేసిన కాలువలు, దోనె మీద నిలబడి గడ వేసుకొంటూ పోయే మనిషి, మెడదాకా నీళ్ళలో దిగిన గేదెలు, అన్నీ దారి పొడుగునా ఎదురవుతాయి. ఒకప్పుడు ఇక్కడ ఒడిశా రాజుల కోట ఉండేదనీ, ముట్టడించిన సైన్యం సరస్సు నీటిని సముద్రంలోకి తీసివేయడానికి ఉప్పుటేరును తవ్వించిందనీ స్థలపురాణం చెబుతుంది. దారి ఇరుకు, వానాకాలంలో నీరు ఎక్కితే వెళ్ళడం మానుకోవాలి. గుడి దగ్గర తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, అందుకే భోజనం ఆకివీడులో ముగించుకొని బయలుదేరమంటున్నాను. ఒక్క మధ్యాహ్నంలో రెండూ చూడాలని పరుగెత్తేవారు రెండింటినీ కారు అద్దంలోంచి చూసి తిరిగి వస్తారు. పక్షుల మీద ఆసక్తి ఉన్నవారు ఆటపాక, మిగతావారు కొల్లేటికోట ఎంచుకోవాలి.

సాయంత్రం ఊళ్ళోకి తిరిగివచ్చాక బండ్ల మీద పునుగులు, మిరపకాయ బజ్జీలు, గోళీ సోడా ఉంటాయి. పునుగులతో ఇచ్చే పల్లీ పచ్చడి బాగుంటుంది, బజ్జీలో వాము పెట్టే బండి అయితే ఇంకా బాగుంటుంది. రాత్రి భోజనానికి ఈ ఊరు పనికిరాదు: మెస్సులు చాలావరకు మధ్యాహ్నంతోనే మూతబడతాయి, తెరిచి ఉన్నచోట దొరికేది మిగిలిన కూరా, ఫ్రైడ్ రైసూ. రాత్రి ఆగడానికి లాడ్జీలు ఉన్నా అవి చేపల వ్యాపారం మీద వచ్చినవారు నడుం వాల్చడానికి పనికివచ్చే రకం. కుటుంబంతో వచ్చినవారు భీమవరంలో గది తీసుకోవడం సుఖం.

తిరుగు ప్రయాణంలో చేప తీసుకుపోదలచినవారు ఆ ఏర్పాటు పొద్దున్నే చేసుకోవాలి, సాయంత్రానికి మార్కెట్టులో మిగిలేది ఎవరూ కొననిదే. కొన్నచోటే పొలుసు తీయించి, కడుపు శుభ్రం చేయించి, ముక్కలు కోయించకుండా నిండు చేపగానే థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టించి, బయలుదేరేదాకా వారి దగ్గరే ఉంచమంటే ఉంచుతారు. వెళ్ళే ముందు కరిగిన నీరు వంపించి ఐసు మళ్ళీ నింపించుకోవాలి. దానికి తీసుకొనేది పెద్ద మొత్తమేమీ కాదు. రైల్లో వెళ్ళేవారు పెట్టెకు టేపు గట్టిగా చుట్టించి, కింద మందపాటి ప్లాస్టిక్ సంచి వేయించుకోవాలి, లేకపోతే విజయవాడ చేరేలోపు సీటు కిందికి కారిన నీటి గురించి పక్కవారితో మాట పడవలసి వస్తుంది.